వృద్ధుల్లో పోషకాహార లోపంపై నర్సులకు, ఏఎన్‌ఎంలకు ఆన్‌లైన్ శిక్షణ: మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలి

"మా పీహెచ్‌సీ స్టాఫ్‌కి పెద్దవాళ్ల పోషకాహారం మీద ఆన్‌లైన్ క్లాసు పెట్టాలి. పీపీటీ ఉంటే పంపండి" అని మెడికల్ ఆఫీసర్లు, నర్సింగ్ ట్యూటర్లు తరచుగా అడుగుతున్నారు. పీపీటీ పంపడం రెండు నిమిషాల పని. క్లాసు అయిన మరుసటి సోమవారం ఓపీకి వచ్చిన పెద్దావిడను ఎవరైనా బరువు యంత్రం ఎక్కిస్తారా అన్నదే అసలు ప్రశ్న. చాలా శిక్షణలు ఆ సోమవారం దాకా రావు. అక్కడి దాకా తీసుకెళ్లే పద్ధతి ఇది.

ఒక పీహెచ్‌సీ లేదా మండలం స్థాయిలో స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), ఆశలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ప్రైవేటు ఆసుపత్రి వార్డు నర్సులకైనా వరస ఇదే, ఉదాహరణలు మార్చుకుంటే చాలు.

1. ముందుగా చివరి మెట్టు తేల్చుకోండి

తేదీ, లింకు, బ్యానర్ అన్నీ తర్వాత. ముందు మెడికల్ ఆఫీసర్‌తో కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి: నర్సు ఒక పెద్దాయనలో లోపం గుర్తించింది, తర్వాత ఏమిటి? ఎవరికి చూపించాలి, ఏ రోజు, ఎక్కడ రాయాలి?

దీనికి జవాబు లేకుండా శిక్షణ పెడితే సిబ్బంది గుర్తించి, ఏం చేయాలో తోచక, నెల తిరగకముందే గుర్తించడం కూడా మానేస్తారు. నేను నడిపిన మొదటి బ్యాచ్‌లో జరిగింది అదే. తప్పు వాళ్లది కాదు, నాది.

ఒక కాగితం మీద ఇవి రాసి ఉండాలి:

- గుర్తించిన కేసును చూసే డాక్టరు ఎవరు, ఏ రోజు
- డైటీషియన్ సలహా దొరికే చోటు (జిల్లా ఆసుపత్రి, లేదా ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ఈ-సంజీవని ద్వారా)
- పళ్ల డాక్టరు దగ్గరికి ఎలా పంపాలి
- నెల తర్వాత మళ్లీ బరువు చూసే బాధ్యత ఎవరిది
- ఒంటరిగా ఉంటూ తిండికే కష్టమైన వాళ్లకు వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ నంబరు 14567

2. ఎవరికి ఎంత నేర్పాలి

అందరికీ అన్నీ చెప్పడం పెద్ద పొరపాటు. పని ప్రకారం మూడుగా విడగొట్టండి.

ఆశలకు రెండు ప్రశ్నలు చాలు. వృద్ధుల సంరక్షణ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఐకోప్ పద్ధతిలో పోషణ గురించి అడిగేవి ఈ రెండే: గత మూడు నెలల్లో అనుకోకుండా 3 కిలోలకు మించి బరువు తగ్గారా? ఆకలి తగ్గిందా? ఒక్కదానికి "అవును" అని వచ్చినా ఏఎన్‌ఎంకో ఎంఎల్‌హెచ్‌పీకో చెప్పాలి.

నర్సులు, ఏఎన్‌ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీలకు ఎంఎన్‌ఏ (మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్) చిన్న ఫారం. ఆరు ప్రశ్నలు, మొత్తం 14 మార్కులు. 65 ఏళ్లు, ఆ పైవాళ్ల కోసం తయారైనది. ఈ ఫారం హక్కులు నెస్లే సంస్థవి. మాటలు మార్చేసి సొంత ఫారంలా అచ్చు వేయకండి, ఉన్నదున్నట్టు వాడండి.

డాక్టర్లకు కారణాలు వెతకడం, మందుల చీటీ తిరగేయడం, ప్రమాదకరమైన కేసులు. వీళ్లకు విడిగా ఒక గంట పెట్టండి. నర్సులతో కలిపితే క్లాసంతా డాక్టర్ల ప్రశ్నలతోనే అయిపోతుంది.

3. రోజు, సమయం, సామాను

ఒక్క రోజు మూడు గంటల క్లాసు వద్దు. నలభై నిమిషాల చొప్పున మూడు క్లాసులు, మధ్యలో వారం వారం విరామం. ఆ వారంలో చేయాల్సిన చిన్న పని ఒకటి ఇవ్వాలి. నేర్చుకునేది నిజానికి ఆ పనిలోనే.

ఓపీ హడావుడి తగ్గాక, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతం బాగుంటుంది. టీకాల రోజులు, నెల మొదటి తారీఖుల్లో పింఛన్ల రోజులు, నెలాఖరు రిపోర్టుల రోజులు తప్పించండి. బ్యాచ్‌కు 25 మంది మించొద్దు. వందమంది ఉంటే అది శిక్షణ కాదు, మీటింగు.

ఒక పీహెచ్‌సీలో ఆరుగురు ఒకే టీవీ ముందు కూర్చుంటామంటే సంతోషంగా ఒప్పుకోండి. ఒకరి పిక్క ఒకరు కొలుచుకోవచ్చు, నెట్ ఖర్చూ కలిసొస్తుంది. హాజరు మాత్రం పేర్లవారీగా తీసుకోండి.

క్లాసుకు వారం ముందే ప్రతి కేంద్రంలో ఉండాల్సినవి:

- సాగని కొలత టేపు (దర్జీల పాత టేపులు సాగిపోయి ఉంటాయి, కొత్తది కొనండి)
- పనిచేసే బరువు యంత్రం, సున్నా దగ్గర సరిచూసినది
- ఎంఎన్‌ఏ చిన్న ఫారం ప్రింట్లు, మనిషికి ఐదు
- బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) పట్టిక, గోడకు అంటించినది
- స్లైడ్ల పీడీఎఫ్, వాట్సాప్‌లో ముందే పంపినది (నెట్ పోయినా చూసుకుంటారు)

యంత్రం గురించి ఇంకో మాట. ఒకే మనిషి రెండు కేంద్రాల యంత్రాల మీద నిలబడితే రెండు కిలోల తేడా రావడం నేను చూశాను. ఒక నీళ్ల బిందెనో, బరువు తెలిసిన బియ్యం సంచినో పెట్టి సరిచూడమనండి. 3 కిలోలు తగ్గారా అని అడిగే చోట 2 కిలోలు తప్పు చూపే యంత్రం ఉంటే ఎంత బాగా నేర్పినా లాభం లేదు.

ఉద్యోగంలో పనికొచ్చే క్రెడిట్ గంటలు కావాలని సిబ్బంది అడిగితే, సంబంధిత కౌన్సిల్ అనుమతి క్లాసులకు ముందే తీసుకోవాలి. అయిపోయాక అడిగితే సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే.

4. మొదటి క్లాసు: అడగడం

మొదటి ఐదు నిమిషాలు పది ప్రశ్నల ముందస్తు పరీక్ష, గూగుల్ ఫారంలో. మార్కుల కోసం కాదని, ఎక్కడ తడబడుతున్నారో చూసుకోవడానికని చెప్పండి.

తర్వాత పోషకాహార లోపానికి నిర్వచనంతో మొదలుపెట్టకండి. సంభాషణతో మొదలుపెట్టండి. "మీ బరువు ఎంత తగ్గింది?" అని అడిగితే మన పెద్దవాళ్లలో ఎక్కువమంది "ఏమో తల్లీ" అంటారు. బరువు చూసుకునే అలవాటే ఉండదు. అందుకని ఇలా అడగమని నేర్పండి:

- "అమ్మా, గాజులు ముంజేతి మీదికి జారుతున్నాయా? జాకెట్లు వదులయ్యాయా?"
- "తాతగారూ, బెల్టుకి కొత్త రంధ్రం పెట్టించారా? వేలి ఉంగరం నిలుస్తోందా?"
- "కట్టుడు పళ్లు కదులుతున్నాయా?" (చిగుళ్లు తగ్గినా, ఒళ్లు తగ్గినా పళ్ల సెట్టు వదులవుతుంది)
- "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారు? వరసగా చెప్పండి."

చివరి ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వండి. "బాగానే తింటున్నా" అన్న ఆవిడే నిన్నటి తిండి వరసగా చెప్పమంటే, పొద్దున ఒక టీ, మధ్యాహ్నం పిడికెడు మజ్జిగన్నం, రాత్రికి రెండు బిస్కెట్లు అంటుంది. ఆవిడ లెక్కలో అది బాగానే.

"నోరు చప్పబడింది", "అరగడం లేదు", "తినబుద్ధి కావట్లేదు". ఈ మూడు మాటలూ ఓపీలో రోజూ వినపడతాయి, గ్యాస్ మాత్ర రాసి పంపేస్తాం. శిక్షణలో ఈ మూడింటినీ గంట మోగినట్టు గుర్తుపట్టేలా చేయండి. ఒంటిపొద్దుల సంగతి కూడా అడగమనండి. వారానికి రెండు మూడు రోజులు ఒక్కపూటే తినే పెద్దావిడలు ప్రతి ఊళ్లో ఉంటారు. మానమని చెప్పడం మన పని కాదు. ఆ రోజుల్లో పాలు, పళ్లు, వేరుశనగలు తీసుకోవచ్చా అని అడగడం మన పని.

పక్కనే కోడలో కొడుకో ఉంటే వాళ్లనూ అడగాలి, కానీ విడిగా. పెద్దవాళ్లు పిల్లల ఎదుట తిండి తక్కువైందని చెప్పుకోరు.

వారం పని: ఇంట్లోనో వీధిలోనో 65 దాటిన ఇద్దరితో మాట్లాడి నిన్నటి తిండి రాసుకురావాలి. పేర్లు రాయకూడదు.

5. రెండో క్లాసు: కొలవడం, మార్కులు వేయడం

గురువుకు ఎక్కువ చెమట పట్టించేది ఇదే. కెమెరా మొహం మీద కాకుండా కాలి మీద ఉండాలి. ఫోన్‌ని స్టాండుకు పెట్టి, పక్కన ఒక సహోద్యోగిని కూర్చోబెట్టి కొలిచి చూపించండి.

ఆరు ప్రశ్నలకు మార్కులు ఇలా:

- తిండి మూడు నెలల్లో బాగా తగ్గితే 0, కొంత తగ్గితే 1, తగ్గకపోతే 2
- బరువు 3 కిలోలకు మించి తగ్గితే 0, తెలియదంటే 1, 1 నుంచి 3 కిలోలైతే 2, తగ్గకపోతే 3
- మంచానికో కుర్చీకో పరిమితమైతే 0, లేచి తిరిగినా గడప దాటకపోతే 1, బయటికి వెళ్తుంటే 2
- మూడు నెలల్లో పెద్ద జబ్బు లేదా మానసికంగా పెద్ద దెబ్బ ఉంటే 0, లేకపోతే 2
- తీవ్రమైన మతిమరపు జబ్బు లేదా డిప్రెషన్ అయితే 0, కొద్దిపాటి మతిమరపు జబ్బైతే 1, ఏమీ లేకపోతే 2
- బీఎంఐ 19 లోపు 0, 19 నుంచి 21 లోపు 1, 21 నుంచి 23 లోపు 2, 23 లేదా ఆ పైన 3

మొత్తం 12 నుంచి 14 వస్తే ఫర్వాలేదు. 8 నుంచి 11 అయితే ముప్పు పొంచి ఉంది. 7 లేదా అంతకు తక్కువైతే లోపం ఉన్నట్టే.

బీఎంఐ తీయడం కుదరకపోతేనే దాని బదులు పిక్క చుట్టుకొలత: 31 సెంటీమీటర్ల లోపు 0, 31 లేదా ఆ పైన 3. బీఎంఐ, పిక్క రెండూ కలిపి మార్కులు వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరైనా ఉంటారు. రెండింట్లో ఒకటే అని ఎర్ర అక్షరాల్లో రాయండి.

పిక్క కొలిచేటప్పుడు కాలు వేలాడేలా కూర్చోబెట్టాలి, లేదా రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి నిలబెట్టాలి. బట్ట పైకి మడవాలి. బాగా లావుగా ఉన్న చోట టేపు చుట్టి, కొంచెం పైన, కొంచెం కింద కూడా చూసి అన్నిటికన్నా పెద్ద కొలత తీసుకోవాలి. టేపు చర్మాన్ని నొక్కకూడదు.

ఇక నడుం వంగినవాళ్ల ఎత్తు. ఇక్కడ తప్పు జరిగితే ఫలితమే తారుమారవుతుంది కాబట్టి ఒక కేసు చేయించండి.

74 ఏళ్ల పెద్దావిడ. రెండు నెలల క్రితం భర్త పోయారు (0). తిండి కొంత తగ్గింది (1). బరువు తగ్గిందో లేదో తెలియదు (1). గుడికీ దుకాణానికీ వెళ్లొస్తుంది (2). జ్ఞాపకశక్తి బాగానే ఉంది, డిప్రెషన్ లేదని డాక్టర్ చూశారు (2). ఇక్కడికి 6. బరువు 48 కిలోలు. వంగిన నడుంతో గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు 145 సెంటీమీటర్లు, బీఎంఐ 22.8, మార్కులు 2. మొత్తం 8: ముప్పు మాత్రమే.

ఇప్పుడు చెయ్యి చాపించి కొలవండి. గొంతు కింద ఎముకల మధ్య గుంట నుంచి మధ్యవేలు, ఉంగరపు వేలు కలిసే మొదలు దాకా. 68 సెంటీమీటర్లు వచ్చింది. ఆడవాళ్లకైతే దీన్ని 1.35తో హెచ్చించి 60.1 కలపాలి: ఎత్తు సుమారు 152. మగవాళ్లకైతే 1.40తో హెచ్చించి 57.8 కలపాలి. బీఎంఐ 20.8, మార్కులు 1. మొత్తం 7: లోపం ఉంది.

అదే మనిషి, అదే రోజు. టేపు పెట్టిన తీరు మారింది, వర్గం మారింది. ఈ ఒక్క లెక్క వాళ్ల చేత చేయించాక ఎత్తు కొలిచేటప్పుడు ఎవరూ తొందరపడరు.

రెండో కేసు లావుగా ఉన్నాయనది. 68 ఏళ్లు, షుగర్. మూడు నెలల కింద 81 కిలోలు, ఇప్పుడు 74, బీఎంఐ 27. షుగర్ పెరుగుతుందని అన్నం దాదాపు మానేశారు, మొత్తం మీద తిండి కొంత తగ్గింది, నెల క్రితం డెంగీతో ఆసుపత్రిలో ఉన్నారు. "సన్నబడ్డారు, మంచిదేగా" అని ఇంట్లోవాళ్ల సంబరం. మార్కులు వేస్తే 1, 0, 2, 0, 2, 3. మొత్తం 8. మూడు నెలల్లో 8 శాతానికి పైగా బరువు పోయింది. లావుగా కనిపించే మనిషిలో కండ కరిగిపోవచ్చని సిబ్బందికి నమ్మకం కలగాలంటే ఇలాంటి కేసు తప్పనిసరి.

కాళ్ల వాపులుంటే బరువూ నమ్మకూడదు, పిక్క కొలతా నమ్మకూడదు. మార్కులతో పని లేకుండా డాక్టరుకు చూపించాలి. అలాగే ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) రిపోర్టు బాగుందని ఊరుకోవడం, తగ్గిందని పోషణ లోపమని తేల్చేయడం రెండూ తప్పే. ఒంట్లో ఇన్ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా అది పడిపోతుంది.

వారం పని: సహోద్యోగి పిక్క, చాచిన చెయ్యి కొలుస్తూ నిమిషం వీడియో తీసి పంపాలి. పేషెంట్ల వీడియోలు గ్రూపులో పెట్టకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పండి.

6. మూడో క్లాసు: మార్కులు వచ్చాక ఏం చేయాలి

"పోషకాహారం తీసుకోండి" అన్న సలహాను ఈ క్లాసులో నిషేధించండి. ఏం, ఎంత, ఎప్పుడు అన్నది చెప్పాలి.

ముందు కారణం. పళ్లు, మింగడం, మలబద్ధకం, మందులు, దిగులు, ఒంటరితనం, వండిపెట్టేవాళ్లు లేకపోవడం, డబ్బు. మందుల్లో మెట్‌ఫార్మిన్, డిగాక్సిన్ లాంటివి ఆకలిని తగ్గించవచ్చు. నర్సు మందు ఆపకూడదు, చీటీ డాక్టరుకు చూపించాలి. బీపీ అని ఉప్పు, షుగర్ అని అన్నం, కొలెస్ట్రాల్ అని గుడ్డు, నూనె, ఇలా ఒక్కొక్కటే మానేసి కంచంలో ఏమీ మిగలని వాళ్లుంటారు. ఏ పథ్యం నిజంగా అవసరమో డాక్టరు చేత తేల్చించాలి.

తర్వాత లెక్క. పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు కనీసం 1 గ్రాము ప్రొటీన్, సుమారు 30 కిలోకేలరీలు కావాలని యూరప్ పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ సూచన. మన 48 కిలోల పెద్దావిడకు 48 గ్రాములు, 1440 కిలోకేలరీలు. క్లాసులో వాళ్ల చేతే కంచం నింపించండి:

- రోజు మొత్తానికి బియ్యం 200 గ్రాములు: సుమారు 15 గ్రాముల ప్రొటీన్
- పాలు లేదా పెరుగు రెండు గ్లాసులు: 13
- కందిపప్పు 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు: 6 నుంచి 7
- వేరుశనగలు 30 గ్రాములు, నమల్లేకపోతే పొడి: 7
- గుడ్డు ఒకటి: 6

ప్రొటీన్ సరిగ్గా సరిపోతుంది. గుడ్డు తినని ఇంట్లో ఇంకో గ్లాసు పెరుగు. వీటిలో ఏదీ ఊరి దుకాణంలో దొరకనిది కాదు. డబ్బా పొడులు ఎప్పుడు అవసరమో డాక్టరు, డైటీషియన్ చెబుతారు. నర్సు నోట మొదట రావాల్సింది వేరుశనగ పొడి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రొటీన్ లెక్క డాక్టరే చెప్పాలి.

మూడుపూటలా నిండుగా తినలేనివాళ్లకు ఆరుసార్లు కొంచెం కొంచెం. పప్పన్నంలో చెంచా నెయ్యి. భోజనానికి ముందు కడుపు నిండా మజ్జిగో టీనో తాగించకూడదు. నలుగురితో కలిసి కూర్చుంటే రెండు ముద్దలు ఎక్కువ తింటారు, ఇది కూడా సలహాగా రాయాలి.

వెంటనే డాక్టరుకు చూపించాల్సినవి:

- ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకపోవడం
- నీళ్లు తాగితే పొలమారడం, దగ్గు, గొంతు గరగరలాడటం
- ఉన్న బరువులో పదో వంతుకు మించి తగ్గడం
- కాళ్ల వాపు, ఆయాసం, కొత్తగా వచ్చిన తికమక

మొదటిదాని మీద పది నిమిషాలు పెట్టండి. రోజుల తరబడి తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రక్తపరీక్షలు చూసి, ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, తిండి మెల్లగా పెంచాలి. ఇది డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. "పాపం, ఆకలితో ఉన్నాడు, ఇంకో గ్లూకోజ్ ఎక్కించండి" అనేది ఇక్కడ దయ కాదు. పొలమారేవాళ్ల నోట్లో బలవంతంగా కుక్కడం కూడా అంతే.

7. తరచుగా జరిగే తప్పులు, సరిచేసే దారి

"అర్థమైందా?" అని అడగడం. "అర్థమైంది మేడమ్" అని పాతిక గొంతులు వస్తాయి. దానికి బదులు ఒక కేసు ఇచ్చి, మార్కులు చాట్‌లో వేయమనండి. అందరూ రాసేదాకా జవాబు చెప్పకండి.

ఇంగ్లిష్ స్లైడ్లు. ఫారం ఇంగ్లిష్‌లో ఉన్నా మాట తెలుగులో ఉండాలి. పేషెంటుతో మాట్లాడేది తెలుగులోనే కదా. ఒక్క క్లాసుకు పదిహేను స్లైడ్లు దాటనివ్వకండి.

చివరి పరీక్ష జవాబుల స్క్రీన్‌షాట్ గ్రూపులో తిరగడం. మా దగ్గర ఒకసారి పాతికమందికీ పదికి పది వచ్చాయి, ఏడో ప్రశ్నకు నేను తప్పుగా పెట్టిన జవాబుతో సహా! అప్పటి నుంచి పరీక్షలో ఒక్కొక్కరికి ఒక్కో కేసు ఇస్తున్నాను. టెన్షన్ పడకుండా ఫారం చూసి రాయవచ్చు, లెక్క మాత్రం సొంతంగా చేయాలి.

నెట్ పోవడం. ఫోన్‌లో సహాయానికి ఒకరిని ఉంచండి. ముఖ్యమైన కొలతల వీడియోలు రెండు నిమిషాల ముక్కలుగా ముందే పంపండి. పూర్తి క్లాసు రికార్డింగ్ పంపితే ఎవరూ చూడరు.

8. ఆరు వారాల తర్వాత

హాజరు పట్టిక, మార్కుల సగటు రిపోర్టుకు పనికొస్తాయి. పని జరుగుతోందో లేదో చెప్పేది మాత్రం ఓపీ చీటీ.

శిక్షణకు ముందు వారంలో 65 దాటినవాళ్ల ఓపీ చీటీలు ఇరవై తీసి, ఎన్నిటి మీద బరువు రాసి ఉందో లెక్కపెట్టండి. ఆరు వారాల తర్వాత మళ్లీ ఇరవై తీయండి. బరువు ఉందా? మార్కులు ఉన్నాయా? 11, అంతకు తక్కువ వచ్చినవాళ్లకు ఏం చెప్పారో రాశారా? నెల తర్వాత మళ్లీ బరువు చూశారా? ఈ నాలుగింటిలో ఎక్కడ గీత తెగిందో అక్కడికే ఒక అరగంట క్లాసు పెట్టండి, మొత్తం మళ్లీ మొదలుపెట్టకండి.

మా అనుభవంలో గీత తెగేది నాలుగో దాని దగ్గర. పెద్దవాళ్లు మళ్లీ రారు. బీపీ, షుగర్ మాత్రల కోసం నెలనెలా వచ్చే రోజునే బరువు చూసే రోజుగా పెట్టాక చాలామంది దొరికారు. అప్పటికీ రానివాళ్ల ఇంటికి ఆశతో బరువు యంత్రం పంపిస్తున్నాం.